గడువు దాటినంత మాత్రాన హక్కు పోవునా?

వృద్ధాప్యంలోను, వ్యాధిలోను, అంగవైకల్యంలోను పౌరునికి ప్రభుత్వ సహాయం అందవలెనని మన రాజ్యాంగంలోని 41వ అధికరణం నిర్దేశిస్తున్నది. ఆ ఆదర్శానికి గ్రామసీమలలో కనిపించే రూపమే సామాజిక పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులకు, వితంతువులకు ఇచ్చే ఈ మొత్తాన్ని 2024 జూలై 1వ తేదీ పంపిణీతో నెలకు 4,000 రూపాయలు చేశారు. వానను నమ్మలేని కర్నూలు, కడప మెట్టపొలాల నడుమ ఎందరో ముదుసలులకు నెలనెలా తప్పక చేతికందే సొమ్ము ఇదే. అది నిలిచిపోతే మందులకూ, గింజలకూ కటకట తప్పదు. నిలిచిన పింఛనును తిరిగి పొందే మార్గం తెలిసికొనడం విద్యావంతులందరికీ అవసరం.

తనిఖీ ఎందుకు? మరణించినవారి పేరిట ప్రజాధనం చెల్లిపోరాదు గనుక, లబ్ధిదారు జీవించి ఉన్నట్లు నిర్ధారించుకొనడం ప్రభుత్వ ధర్మం. కేంద్ర ప్రభుత్వ విశ్రాంత ఉద్యోగులు ఏటా నవంబరులో జీవన ధ్రువపత్రం దాఖలు చేయాలి. 80 ఏండ్లు నిండినవారికి అక్టోబరు 1 నుండే అవకాశం ఉన్నది. 2014 నవంబరు 10న ప్రారంభమైన జీవన్ ప్రమాణ్ పద్ధతి వలన ఈ పని ఇంటినుండే చేయవచ్చును. పత్రం అందకపోతే పింఛను ఆగుతుంది. అందిన పిమ్మట బకాయిలతో సహా తిరిగి మొదలవుతుంది. సామాజిక పింఛనుదారు మాత్రం ప్రతి నెలా స్వయంగా కనిపించి వేలిముద్రయో, ముఖ గుర్తింపో ఇవ్వవలసి ఉంటుంది.

చిక్కు ఇక్కడే వచ్చింది. కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఆలూరు, పత్తికొండ ప్రాంతాలనుండి ఏటా వేలాది కుటుంబాలు సుగ్గికి తరలిపోతాయి. గుంటూరు సీమలో మిరప కోతలకు, తెలంగాణలో పత్తి తీతకు పోయే కొడుకు కోడళ్ల వెంట, పసిబిడ్డలను చూచుకొనుటకు అవ్వాతాతలు కూడ వెళ్లక తప్పదు. పంపిణీనాడు ఇంటికి తాళం కనిపిస్తుంది. ఊరనే ఉన్నవారికైనా, జీవితమంతా మట్టిపని చేసి అరిగిన వేళ్లను యంత్రం గుర్తించకపోవచ్చును.

ఈ కష్టాన్ని గమనించి 2024 డిసెంబరు నుండి ఒక సవరణ తెచ్చారు. ఒకటి రెండు నెలలు తీసుకొనని పింఛనును మూడవ నెలలో కలిపి ఇస్తారు. వరుసగా మూడు నెలలు తీసుకొననివారిని వలసపోయినవారిగా భావించి నిలిపివేస్తారు. అట్టివారు తిరిగివచ్చి పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టుకొనవలెను.

ఇందులో ఒక మూలసూత్రం గ్రహించాలి. పత్రం రాకపోవడం మౌనమే. మౌనం అనర్హతకు రుజువు కానేరదు. విశ్రాంత ఉద్యోగుల విషయంలో పింఛను దయాభిక్ష కాదని మన సుప్రీంకోర్టు 1982 డిసెంబరులో నకారా కేసులో స్పష్టం చేసింది. అమెరికా సుప్రీంకోర్టు 1970లో గోల్డ్‌బర్గ్, కెల్లీ వ్యాజ్యంలో, లబ్ధిదారు వాదన వినకుండా సంక్షేమ సహాయాన్ని ఆపరాదని తీర్పు చెప్పింది. వేలిముద్ర పడలేదన్న కారణంతో అర్హునికి సహాయం నిరాకరించరాదన్న భావాన్ని 2018 సెప్టెంబరు 26 నాటి ఆధార్ తీర్పు కూడ వ్యక్తం చేసింది.

ఇక ఆచరణ. మొదట సచివాలయంలో పింఛను ఏ కారణంచేత ఆగిందో, అది తాత్కాలిక నిలుపుదలయో, రద్దో కనుక్కోవాలి. రెంటికీ మార్గాలు వేరు. పిదప లోపించిన ఆధారాన్ని జతచేసి, పునరుద్ధరణతో పాటు రావలసిన బకాయిని కూడ కోరుతూ అర్జీ ఇచ్చి, రసీదు తీసుకొనాలి. బకాయి మాట వ్రాయకపోతే అది మరుగున పడవచ్చును. ఫలితం కానరాకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల వేదికకు వెళ్లవచ్చును. 2005 సమాచార హక్కు చట్టం క్రింద అడిగిన ప్రశ్నకు సాధారణంగా 30 రోజులలో సమాధానం రావాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు.

విద్యార్థి సోదరసోదరీమణులారా! 2022లో ఉర్దూ మన రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాష అయినది. అయినను, తెలుగు నోటీసు చదువలేని ఉర్దూ వృద్ధులు, ఏ లిపియు రాని తెలుగు వృద్ధులు మన వీధులలో ఇంకను ఉన్నారు. రెండు భాషలు నేర్చిన మీరు సెలవులలో మీ వీధిలోని వృద్ధుల కాగితాలు ఒకసారి చదివిపెట్టండి. సుగ్గికి బయలుదేరేవారికి మూడు నెలల గడువును ముందే గుర్తుచేయండి. మీరు వ్రాసే ఒక్క అర్జీతో ఆగిన పొయ్యి మరల రాజవచ్చును.