మీకు తెలుసా? కొలోసియం కన్నా లక్షల ఏళ్లు పాతవి ఈ పనిముట్లు!

తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలోని అత్తిరంపాక్కంలో దొరికిన రాతి చేతిగొడ్డళ్ల సగటు వయసు సుమారు 15 లక్షల ఏళ్లు! రోమ్‌లోని కొలోసియం క్రీ.శ. 80లో ప్రారంభమైంది. దానికి ఇంకా 2,000 ఏళ్లు కూడా నిండలేదు.

• కుశస్థలి నది పరీవాహక ప్రాంతంలోని ఈ చోటును 1863లో భూగర్భ శాస్త్రవేత్తలు రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ గుర్తించారు.

• పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం ఇక్కడ తవ్వకాలు జరిపి, పనిముట్ల వయసును 2011లో ‘సైన్స్’ పత్రికలో వెల్లడించింది. రాయి నేలమీద ఉన్నంతకాలం విశ్వకిరణాలు సోకి అందులో అల్యూమినియం-26, బెరీలియం-10 పుడతాయి. మట్టిలో లోతుగా కూరుకుపోయాక కొత్తవి పుట్టడం దాదాపు ఆగిపోతుంది. ఉన్నవి వేర్వేరు వేగాలతో తరుగుతాయి. మిగిలిన పాళ్లే ఆ రాయి ఎప్పుడు పూడిపోయిందో చెబుతాయి.

• క్వార్ట్‌జైట్ రాతికి రెండు వైపులా పెచ్చులు లేపి, అంచును పదునుదేల్చి వీటిని తయారుచేశారు. పూండిలోని తమిళనాడు పురావస్తు శాఖ మ్యూజియానికి వెళితే ఈ ప్రాంతపు రాతి పనిముట్లను దగ్గర నుంచి చూడొచ్చు. పిల్లలను తప్పకుండా తీసుకెళ్లండి.