ఉగాదికి ఇద్దరినీ పిలవండి

కొన్నేళ్ళ కిందట మా సంఘం ఉగాది సభలో ఒక తప్పు చేసింది. ముందు దాన్ని ఒప్పుకొని, తరువాత విషయానికి వస్తాం.

గురుబరపల్లిలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉన్న తెలుగు ఇళ్ళవాళ్ళం ఉగాదికి ఒకచోట చేరతాం. పంచాంగ శ్రవణం, పిల్లల పద్యాలు, ఓళిగల భోజనం. ఆ ఏడు భోజనాలకు ముందు పెళ్ళి కావలసిన పిల్లల పేర్లు మైకులో చదివాం. నాలుగు సంబంధాలు కుదిరితే మంచిదే కదా అనుకున్నాం. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒక సభ్యుడి కూతురు పేరు, వయసు, చదువు, జీతం కూడా చదివేశాం. ఆమెను ముందుగా అడగలేదు. ఆ పిల్ల లేచి బయటికి వెళ్ళిపోయింది. తరువాత రెండు ఉగాదులకు ఊరికే రాలేదు.

ఒకరోజు ఆమె నాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపు మామిడి తోట సంగతి, పూత రాలిపోవడం సంగతి మాట్లాడి, లేవబోతూ అసలు మాట చెప్పాడు. "దానికి మగపిల్లోడితో పెండ్లి వద్దంట. ఒక ఆడపిల్లతోనే ఉంటాదంట. నేనేం చెయ్యల్లన్నా?"

ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాం. ఆ ఇంటివాళ్ళు చదివి సరే అన్న తరువాతే అచ్చుకు ఇస్తున్నాం.

మొదట మాట సంగతి. మన పత్రికలు 'స్వలింగ సంపర్కులు' అని వ్రాస్తాయి. ఆ మాట వింటే పడకగది తప్ప ఇంకేమీ గుర్తుకు రాదు. కన్నతల్లి తన బిడ్డను ఆ మాటతో ఎట్లా చెప్పుకుంటుంది? తమిళంలో 'తన్పాలీర్ప్పు' అంటున్నారు, అంటే తన లింగం వారి మీదే ఆకర్షణ కలగడం. ఇలాంటివారిని గౌరవంగా ఏమని పిలవాలో తమిళనాడు ప్రభుత్వం 2022లో ఒక పదాల పట్టిక గెజెట్‌లో వేసింది. తెలుగులో అంత మంచి మాట ఇంకా స్థిరపడలేదు. గే, లెస్బియన్ అన్న మాటలే పిల్లలు వాడుతున్నారు, మేమూ అవే వాడుతున్నాం.

ఇది జబ్బా అన్నది ప్రతి తల్లీ తండ్రీ అడిగే మొదటి ప్రశ్న. కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. మన దేశపు మానసిక వైద్యుల సంఘం కూడా 2018లో ఇది జబ్బు కాదని చెప్పింది. అందుచేత దీనికి మందు లేదు, తాయెత్తూ లేదు. అయినా మన ఇళ్ళల్లో జరిగేది వేరు. ఒకరు పూజారి దగ్గరికి తీసుకుపోతారు, ఒకరు 'పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయి' అంటారు. రెండోది మొదటిదానికంటే చెడ్డది, ఏమీ తెలియని ఇంకొక ఇంటి బిడ్డ బతుకు కూడా అందులో పోతుంది. మార్చేస్తామని చికిత్స చేసే డాక్టరు వృత్తి నియమాలు తప్పినట్టేనని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. అంతకు ముందే, 2021 జూన్ 7న, మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ అలాంటి చికిత్సలను నిషేధించమన్నారు. మధురై నుంచి చెన్నైకి వచ్చేసిన ఇద్దరు అమ్మాయిల కేసు అది. ఈ విషయం తనకూ సరిగా తెలియదని న్యాయమూర్తి ఒప్పుకొని, ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చొని తెలుసుకొని, ఆ తరువాతే తీర్పు వ్రాశారు. హైకోర్టు జడ్జి అంతటి ఆయన తెలియదని చెప్పగా లేనిది, మనకు నామోషీ ఎందుకు?

ఇక చట్టం. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇది నేరం కాదని తేల్చింది. పెళ్ళికి మాత్రం చట్టంలో ఇంకా చోటు లేదు. హైదరాబాదులో 2021 డిసెంబరులో బంధుమిత్రుల ఎదుట ఉంగరాలు మార్చుకున్న సుప్రియో, అభయ్ దంపతులు ఆ హక్కు కోసం కోర్టుకు వెళ్ళారు. ఆ కేసు సుప్రియో పేరు మీదే నడిచింది. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు, పెళ్ళి హక్కు ఇచ్చేది శాసనసభలే కానీ తాము కాదంది. ఆ వాదనలు జరుగుతున్న రోజుల్లో 'స్వీకార్' అనే తల్లిదండ్రుల బృందం నుంచి 400 మందికి పైగా తమ పిల్లల తరఫున ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం వ్రాశారు. ఈ మాట చెప్పినప్పుడు మా మిత్రుడు "అంతమంది ఉండారా?" అని రెండుసార్లు అడిగాడు. చట్టం సంగతి కంటే ఆ లెక్కే ఆయనకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

మనకు మరీ దగ్గరి కేసు 2025 మేలో వచ్చింది. వేలూరు జిల్లా పోలీసులు ప్రతివాదులుగా ఉన్న పిటిషనులో, ఇంట్లో నిర్బంధించిన పాతికేళ్ళ అమ్మాయిని మద్రాసు హైకోర్టు విడిపించి, తనకు నచ్చినవారితో వెళ్ళనిచ్చింది. కుటుంబం ఏర్పడడానికి పెళ్ళి ఒక్కటే దారి కాదని కూడా చెప్పింది. మేజరైన బిడ్డను గదిలో పెట్టి తాళం వేస్తే అది ఇంటి వ్యవహారం కాదని మన పెద్దలు తెలుసుకోవాలి.

కాగితాల సంగతి కొంచెం వివరంగా వ్రాస్తాం. గుమాస్తాగా పని చేసిన అలవాటు అనుకోండి. పెళ్ళి నమోదు లేదు కాబట్టి ఈ జంటలకు ప్రతి ఫారం దగ్గరా చిక్కే. ఇద్దరూ కలిసి బ్యాంకులో జాయింట్ ఖాతా తెరవవచ్చు, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చు. అడ్డేమీ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న తెలిపింది. కౌంటర్‌లో గుమాస్తా తికమకపడితే ఆ ప్రకటన చూపించండి. రేషన్ కార్డుకు కూడా ఇద్దరినీ ఒకే ఇంటివారిగా చూడాలని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. అయితే నామినీ అంటే సొమ్ము చేతికి తీసుకొనే మనిషే, ఆస్తికి వారసుడు కాడు. ఇల్లు, భూమి, నగలు తన తోడుకు చెందాలంటే వీలునామా వ్రాయాలి. దానికి స్టాంపు కాగితం అక్కరలేదు, ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని చేయించడమే మేలు. ప్రావిడెంట్ ఫండ్‌లో కుటుంబం అంటే ఎవరో వాళ్ళ నియమాలు వేరుగా చెబుతాయి. బ్యాంకు నామినేషను ఉంది కదా అని ఊరుకోకుండా ఆఫీసులో అడిగి నింపండి. మానసిక ఆరోగ్య చట్టం, 2017 ప్రకారం చికిత్స విషయంలో తన తరఫున మాట్లాడే ప్రతినిధిగా ఎవరినైనా వ్రాసి పెట్టుకోవచ్చు, రక్త సంబంధమే ఉండాలని లేదు.

ఇంట్లో ఎవరికైనా మనసు మరీ కుంగిపోతే 14416కు ఫోను చేయవచ్చు. ప్రభుత్వ టెలీ మానస్ సేవ అది, తెలుగులోనూ మాట్లాడతారు. పిల్లలకే కాదు, తల్లిదండ్రులకు కూడా అది పనికొస్తుంది. మా మిత్రుడి భార్య నెలన్నర సరిగా అన్నం తినలేదు, ఆమెను ఎవరూ అడగలేదు.

మనం తమిళనాట తెలుగువాళ్ళం. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష. బస్సులో ఫోను వస్తే గొంతు తగ్గించి తెలుగు మాట్లాడిన రోజులు మనలో చాలామందికి ఉన్నాయి. ఆ పిల్ల చెప్పింది విన్నాక అదే గుర్తుకొచ్చింది. ఆమెకు మాత్రం గొంతు తగ్గించి మాట్లాడాల్సి వచ్చింది సొంత ఇంట్లోనే.

సంఘం తరఫున చేసింది పెద్దదేమీ కాదు. మైకులో పెళ్ళి పేర్లు చదవడం మానేశాం. కావాలన్నవాళ్ళు తామే ఫారం నింపి ఇస్తారు. వడ్డనలో నిలబడే ఆడవాళ్ళకు, వంటశాల మనుషులకు ఒక్కటే చెప్పాం: వయసు పిల్లలను 'పెండ్లెప్పుడు' అని అడగవద్దు, ఎవరినీ అడగవద్దు. ఒకరినే వదిలిపెట్టి తక్కినవాళ్ళందరినీ అడిగితే అదీ వేలు చూపినట్టే. ఇంటికి ఆహ్వానం పంపేటప్పుడు జంటగా ఉన్నవాళ్ళిద్దరి పేర్లూ వ్రాస్తాం, అదీ వాళ్ళు సరే అంటేనే. ఒకరి సంగతి మనకు తెలిసినంత మాత్రాన రెండో మనిషికి చెప్పే అధికారం మనకు లేదు. మా మిత్రుడు తన సొంత అన్నకు ఇంకా చెప్పలేదు. అందుచేత అన్నగారు ఎదురుపడితే మేమూ మామిడి ధర గురించే మాట్లాడతాం.

పోయిన ఉగాదికి ఆ పిల్ల వచ్చింది, ఆ అమ్మాయితో కలిసి. ఇద్దరూ ఒకే పంక్తిలో కూర్చున్నారు. వడ్డిస్తున్న ఒక అవ్వ "ఈ పాప ఎవరమ్మా?" అని అడిగింది. పక్కనే ఉన్న మాకు గుండె దడదడలాడింది. "నాతో ఉంటాదవ్వా" అంది మన పిల్ల. అవ్వ ఒక్క క్షణం చూసి, "అయితే నెయ్యి ఇద్దరికీ వెయ్యల్ల" అని గిన్నె వంచింది. అవ్వకు ఏం అర్థమయిందో మాకు తెలియదు, అడగలేదు.

సంఘం సభ్యత్వ ఫారంలో 'భార్య / భర్త పేరు' అని ఒక గడి ఉంది. దాన్ని 'ఇంట్లో ఉండేవారి పేర్లు' అని మార్చాలన్నాం. కమిటీలో ముగ్గురు ఒప్పుకోలేదు. మామిడి కోతలు అయ్యాక మళ్ళీ కూర్చుంటాం.