అంబాసిడర్‌కు కొత్త ఇంజను... రేడియేటరును మరిస్తే అసలుకే ఎసరు!

విజయవాడ: ముహూర్తానికి ఇంకా రెండు గంటలే వ్యవధి. పెళ్ళివారితో బయలుదేరిన తెల్ల అంబాసిడర్ జాతీయ రహదారి పక్కన బానెట్ తెరుచుకుని నిలబడిపోయింది. లోపలి నుంచి ఆవిరి బుసలు కొడుతోంది. బిందె పట్టుకుని ఒకరు నీళ్ళ కోసం పరుగెత్తుతున్నారు. తీరా విచారిస్తే ఆ కారుకు ఇంజను మార్పించి నెల కూడా కాలేదు!

వేసవి వచ్చిందంటే రోడ్ల మీద ఇలాంటి దృశ్యాలు మామూలే. ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్ల తయారీ 2014లో నిలిచిపోయింది. అయినా తండ్రి కొన్న కారును తుక్కు కింద అమ్మడానికి మనసొప్పని వారు చాలామందే వున్నారు. అరిగిపోయిన పాత 1489 సి.సి. ఇంజను తీయించి, దాని స్థానంలో ఇసుజు 1817 సి.సి. పెట్రోలు ఇంజనో, 1995 సి.సి. డీజిల్ ఇంజనో వేయించుకుంటున్నారు. ఇంజను మీద వేలకు వేలు పోసేవారు రేడియేటరు దగ్గర మాత్రం పిసినారితనం చూపుతారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

వేడి పోయే దారేది?

ఇంజనులో కాలిన ఇంధనం ఇచ్చే వేడిలో సుమారు మూడో వంతే చక్రాలను తిప్పడానికి ఉపయోగపడుతుంది. మరో మూడో వంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలిన దానిలో అధిక భాగాన్ని నీరు మోసుకుపోయి రేడియేటరులో గాలికి అప్పగించాలి. ఇంజను శక్తి పెరిగిన కొద్దీ ఈ బరువూ పెరుగుతుంది. చిన్న ఇంజను కోసం చేసిన, ఏళ్ళ తరబడి బోరు నీటి సున్నం పేరుకున్న రేడియేటరు దానిని మోయలేదు. దీనికి తోడు ఏ.సి. కూడా పెట్టిస్తే, దాని కండెన్సరు విడిచే వేడిగాలి కూడా రేడియేటరు మీదికే వస్తుంది.

అందుచేత ఇంజను మార్చేటప్పుడే రేడియేటరుకు ఎక్కువ వరుసల గొట్టాలున్న కొత్త కోరు వేయించాలి. లేదా చోటు చూసి పెద్ద అల్యూమినియం రేడియేటరు అమర్చాలి.

మూత చిన్నదే, పని పెద్దది

రేడియేటరు మూత లోపలి పీడనాన్ని నిలుపుతుంది. మామూలుగా 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరిగే నీరు, 7 పౌండ్ల మూత వుంటే సుమారు 111 డిగ్రీల దాకా, 15 పౌండ్ల మూత వుంటే సుమారు 121 డిగ్రీల దాకా మరగదు. అలా అని పాత రేడియేటరుకు గట్టి మూత బిగిస్తే అతుకులు విచ్చిపోతాయి. రేడియేటరు, గొట్టాలు, మూత మూడూ ఒకదానికొకటి సరిపోవాలి. వేడి మీద వున్నప్పుడు మూత తీయడం ప్రాణాపాయం. ఎగజిమ్మే ఆవిరికి ముఖం కాలిపోతుంది.

కొత్త ఇంజను ఎత్తుగా కూర్చుంటే గాలి బుడగలు పైన చిక్కుకుని నీటి ప్రవాహాన్ని అడ్డుకుంటాయి. నీళ్ళు పోసే సీసా అన్నిటికన్నా ఎత్తున వుండాలి. గాలి పూర్తిగా పోయేదాకా ఓపిక పట్టాలి.

ఫ్యానుకు కరెంటేదీ?

ఇంజను మారితే పాత ఫ్యాను రేడియేటరుకు ఎదురుగా రాకపోవచ్చు. అప్పుడు ఎలక్ట్రిక్ ఫ్యాను మేలు. అయితే అది 10, 15 ఆంపియర్ల కరెంటు తాగుతుంది. పాత కార్లలోని డైనమో ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు కరెంటు సరిగా ఇవ్వదు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడే కదా ఫ్యాను అవసరం! కనుక ఆల్టర్నేటరు, రిలే, సరైన ఫ్యూజు తప్పనిసరి. ఫ్యాను చుట్టూ రేకు తొడుగు లేకపోతే గాలి కోరంతటి గుండా రాక పక్కదారి పడుతుంది.

వేడెక్కుతోందని థర్మోస్టాటు తీసి పారేయడం మరో పొరపాటు. అది లేకపోతే చల్లటి ఇంజను త్వరగా వేడెక్కక అరుగుతుంది. కొన్ని ఇంజన్లలోనైతే నీరు రేడియేటరుకు పోకుండా అడ్డదారిన తిరిగి వచ్చేస్తుంది. అల్యూమినియం హెడ్డు వున్న ఇంజన్లలో ఉత్త నీరు కాక, కూలెంటు కలిపిన శుద్ధజలం పోయాలి.

రోగం గుర్తించేదెలా?

సిగ్నలు దగ్గర ఆగినప్పుడు వేడెక్కి, బండి కదలగానే చల్లబడితే లోపం ఫ్యానులోనో, తొడుగులోనో వున్నట్లు. హైవే మీద వేగంగా పోతున్నప్పుడు వేడెక్కితే రేడియేటరు చాలకనో, నీటి ప్రవాహం తగ్గియో అనుకోవాలి. పంపు లాగుడికి కింది గొట్టం నొక్కుకుపోతోందేమో కూడా చూడాలి. పాత మీటరుకు కొత్త ఇంజను సెండరు కలిపితే ముల్లు అబద్ధం చెబుతుంది. రెండూ ఒకే జతవి వుండాలి.

కాగితాల సంగతీ మరువరాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను కింద ఇంజను మార్పిడికి రవాణా అధికారుల అనుమతి పొంది, రిజిస్ట్రేషను పత్రంలో నమోదు చేయించుకోవాలి.

వేడికి హెడ్డు వంగి, గ్యాస్కెట్ పోతే ఇంజను మళ్ళీ విప్పవలసిందే. రేడియేటరు దగ్గర మిగుల్చుకున్నది అప్పుడు ఏ మూలకూ చాలదు. కనుక షెడ్డు నుంచి కారు తెచ్చుకునే ముందు మిట్టమధ్యాహ్నం ఎండలో అరగంట సేపు ఇంజను ఆన్‌లో వుంచి ముల్లును కనిపెట్టి చూడటం మంచిది. ఆ పరీక్షలో నెగ్గిన బండినే పెళ్ళికి తీసుకెళ్ళాలి.