పెట్టెలో ప్రయాణము చేయు ప్రోగ్రాము

మన గ్రంథాలయ పుస్తకములు ఎవరియొద్ద నున్నవో తెలుపు చిన్న వెబ్ అప్లికేషనును నేను పైథాన్ భాషలో వ్రాసితిని. నా కంప్యూటరునందు చక్కగా నడచినది. సర్వరునందు కదలనే లేదు. అచ్చటి పైథాన్ వేరు, లైబ్రరీలు వేరు.

విద్యార్థులారా, ఇట్టి చిక్కు తీర్చుటకే 2013లో డాకర్ వెలువడినది. ప్రోగ్రామును, దానికి వలయు సామగ్రిని ఒక్కచో మూటగట్టినది ఇమేజి. అది నడచుచున్నప్పటి రూపము కంటెయినరు. ఓడలపై సరకు పంపు పెట్టెల పేరే దీనికి వచ్చినది. 1956లో మాల్కం మెక్లీన్ అట్టివి 58 పెట్టెలను ఒక ఓడపై న్యూఆర్క్ నుండి హూస్టనుకు పంపెను. లోన నేమున్నను రేవునకు పెట్టె యొక్కటే.

ఏ పైథాన్ కావలెనో, ఏ ఫైళ్లు చేర్చవలెనో, ఏ ఆజ్ఞతో నడపవలెనో డాకర్‌ఫైలునందు వరుసగా వ్రాయుదుము. అప్లికేషను 127.0.0.1 అను చిరునామాయందు మాత్రమే వినుచుండినచో కంటెయినరు వెలుపలివారి పిలుపు దానికి చేరదు; 0.0.0.0 అని యుండవలెను. దీనికై నేనొక సాయంకాలము పోగొట్టుకొంటిని.

పిమ్మట గిట్‌హబ్ యాక్షన్స్. మనము నియమించిన ప్రకారము, కోడు పంపినతోడనే పరీక్షలు జరుగును. అవి నెగ్గినచో ఇమేజి తయారై రిజిస్ట్రీకి చేరును. సర్వరు దానిని తెచ్చుకొని, పాత కంటెయినరును తొలగించి, క్రొత్తది నడపును. 2022 నవంబరు నుండి అమెజాన్ క్లౌడు కేంద్రములు హైదరాబాదునందే కలవు గనుక వర్గల్ పిల్లల ప్రోగ్రాము దూరము పోనక్కరలేదు.

ఈ సౌకర్యమే నన్ను ముంచినది. రెండవమారు మార్పు పంపగానే, పిల్లలు వారము దినములు శ్రమించి ఎక్కించిన పుస్తకముల పట్టిక మాయమయ్యెను! డేటాబేసు కంటెయినరు లోపలనే యుండెను. పెట్టెతోపాటు అదియు పోయెను. వాల్యూమ్ అను వెలుపలి నిలువయందు దానిని ముందే ఉంచవలసినది. ఇప్పుడట్లే చేసితిమి. ఎనిమిదవ తరగతివారు పట్టికను మరల వ్రాయుచున్నారు. పాస్‌వర్డులను ఇమేజిలో పెట్టరాదని నాకు గుర్తుచేసినదియు వారే.