స్లోపిచ్ సాఫ్ట్‌బాల్ బ్యాటింగ్

స్లోపిచ్ సాఫ్ట్‌బాల్ బ్యాటింగ్ అనగా విల్లులా వంపు తిరిగి నిదానంగా దిగివచ్చే బంతిని గుండ్రని బ్యాటుతో కొట్టే విధానం. స్లోపిచ్ అనేది సాఫ్ట్‌బాల్ క్రీడలో ఒక రకం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఉద్యోగులు, కార్మికులు, వయోజనులు సెలవు దినాలలో విరివిగా ఆడే ఆట ఇది. బంతి మెల్లగా వస్తుంది కాబట్టి దీనిని కొట్టడం చాలా సులభమని చూసేవారికి తోస్తుంది. బ్యాటుకు బంతిని తగిలించడం వరకు ఆ మాట నిజమే. కాని దానిని గట్టిగా, దూరంగా, అనుకున్న దిశలో పంపడానికి కావలసిన వేగం దాదాపు అంతా బ్యాటు నుండే రావాలి. అందువలన ఈ ఆటలో బ్యాటును పట్టుకునే పద్ధతికి, ఊపే తీరుకు ప్రాధాన్యం ఎక్కువ.

ఆట నేపథ్యం

సాఫ్ట్‌బాల్ 1887లో షికాగో నగరంలోని ఫర్రాగట్ బోట్ క్లబ్బులో పుట్టింది. థాంక్స్‌గివింగ్ పండుగనాడు యేల్, హార్వర్డ్ విశ్వవిద్యాలయాల మధ్య జరిగిన ఫుట్‌బాల్ పోటీ ఫలితం కోసం అక్కడ చేరిన యువకులు బాక్సింగ్ చేతితొడుగును బంతిగా, చీపురుకర్రను బ్యాటుగా చేసుకొని ఆడారు. వారిలో ఒకడైన జార్జ్ హాన్‌కాక్ ఆ ఆటకు నియమాలు ఏర్పరచాడు. సాఫ్ట్‌బాల్ అనే పేరు పెట్టినవాడు వాల్టర్ హాకన్‌సన్ (1926). 1933లో అమెచ్యూర్ సాఫ్ట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది. ఈ సంస్థ 1953లో పురుషుల స్లోపిచ్ జాతీయ పోటీలను ప్రారంభించింది. 2017 నుండి దీనిని యు.ఎస్.ఎ. సాఫ్ట్‌బాల్ అని పిలుస్తున్నారు.

స్లోపిచ్‌లో జట్టుకు పది మంది ఆడతారు. పురుషుల ఆటలో బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, స్త్రీల ఆటలో 11 అంగుళాలు. పిచ్చరు 50 అడుగుల దూరం నుండి చేతిని కిందినుండి ఊపి బంతిని వేస్తాడు. యు.ఎస్.ఎ. సాఫ్ట్‌బాల్ నియమాల ప్రకారం బంతి నేలనుండి కనీసం 6 అడుగులు, గరిష్ఠంగా 10 అడుగుల ఎత్తుకు లేవాలి. ఇతర సంఘాల కొలతలలో కొద్ది తేడాలున్నాయి. బ్యాటును ఊపకుండా బంతికి అడ్డుపెట్టి మెల్లగా తగిలించడం ఫాస్ట్‌పిచ్‌లో చెల్లుతుంది, స్లోపిచ్‌లో చెల్లదు. అలా చేసిన బ్యాటరు అవుటవుతాడు. భారతదేశంలో పాఠశాలల పోటీలలో ఆడే సాఫ్ట్‌బాల్ ఫాస్ట్‌పిచ్ రకానికి చెందినది. అక్కడ అలవడిన ఊపు స్లోపిచ్‌కు యథాతథంగా పనికిరాదు. ఇందుకు కారణం బంతి వచ్చే మార్గమే.

బంతి వచ్చే మార్గం

పిచ్చరు చేతినుండి 3 అడుగుల ఎత్తులో వెలువడిన బంతి 10 అడుగుల వరకు లేచి, 50 అడుగుల దూరంలో మళ్ళీ 3 అడుగుల ఎత్తుకు దిగిందనుకుందాం. గాలి నిరోధాన్ని విస్మరించి, ఉన్నత పాఠశాలలో చదివే ప్రక్షేపక సూత్రాలతో లెక్కిస్తే బంతి ప్రయాణానికి సుమారు 1.3 సెకన్లు పడుతుంది. హోం ప్లేటు దగ్గర దాని వేగం గంటకు సుమారు 48 కి.మీ., అది కిందికి దిగే కోణం సుమారు 29 డిగ్రీలు. అదే బంతి 6 అడుగుల వరకే లేస్తే ప్రయాణ కాలం 0.86 సెకను, వేగం గంటకు 65 కి.మీ., దిగే కోణం 13.5 డిగ్రీలు. బేస్‌బాల్‌లో గంటకు 150 కి.మీ. వేగంతో వేసిన బంతి సుమారు 0.4 సెకనులో బ్యాటరును చేరుతుంది. అంటే స్లోపిచ్ బ్యాటరుకు అంతకు మూడు రెట్ల సమయం దొరుకుతుంది.

చిక్కు ఇక్కడే ఉన్నది. ఎక్కువ సమయం దొరికినవాడు ఆగలేక తొందరపడతాడు. బంతి ఇంకా గాలిలో ఉండగానే అతని బరువు ముందు కాలిమీదికి వెళ్ళిపోతుంది, తుంటి తిరిగిపోతుంది. బంతి అందేసరికి ఊపడానికి చేతులు మాత్రమే మిగులుతాయి. అనుభవం లేని ఆటగాళ్ళు కొట్టిన బంతి బలహీనంగా నేలమీద దొర్లిపోవడానికి భుజబలం చాలకపోవడం కన్నా ఈ తొందరపాటే తరచు కారణమవుతుంది.

బ్యాటు వేగం ఎంత ముఖ్యమో అభిఘాత సూత్రం చూపుతుంది. కొట్టిన బంతి వేగాన్ని ఇలా రాయవచ్చు: వచ్చే బంతి వేగాన్ని ఒక గుణకంతో హెచ్చించి, దానికి బ్యాటు వేగాన్ని (1 + అదే గుణకం)తో హెచ్చించి కలపాలి. ఆ గుణకం 0.2 అనుకుంటే, గంటకు 48 కి.మీ. వేగంతో వచ్చే బంతిని 100 కి.మీ. వేగంతో తిరిగే బ్యాటు నేరుగా తాకినప్పుడు బంతి సుమారు 130 కి.మీ. వేగంతో పోతుంది. ఇందులో బంతి తనతో తెచ్చినది పది కి.మీ. లోపే, మిగిలిన 120 బ్యాటు ఇచ్చినది.

పట్టు

క్రికెట్టుకు అలవాటుపడిన పాఠకులు ముందుగా ఒక తేడాను గుర్తుంచుకోవాలి. క్రికెట్టులో బ్యాటు నేలవైపు చూస్తుంది కాబట్టి పిడి చివరన ఉండే చేతిని పై చేయి అంటారు. సాఫ్ట్‌బాల్‌లో బ్యాటు ఆకాశంవైపు చూస్తుంది. పిడి చివరి గుబ్బ దగ్గర ఉండే చేయి కింది చేయి అవుతుంది. కుడిచేతి వాటం ఆటగాడికి ఇది ఎడమ చేయి. శిక్షకులు చెప్పే మాటలలో ఈ పేర్లు తారుమారు కాకుండా చూసుకోవాలి.

పిడిని అరచేతి లోతులో పెట్టి పిడికిలి బిగించడం కొత్తవారి సహజ లక్షణం. సరైన పద్ధతిలో పిడి వేళ్ళు అరచేతిని కలిసే చోట, వేళ్ళ మొదళ్ళ వెంబడి ఉంటుంది. రెండు చేతులు ఒకదానినొకటి ఆనుకొని ఉండాలి. తలుపు తట్టేటప్పుడు తలుపుకు తగిలే నడిమి కణుపులు రెండు చేతులలోను ఇంచుమించు ఒకే వరుసలోకి రావాలి. కొందరికి పై చేయి అక్కడినుండి కొద్దిగా తిరిగి ఉండడం సౌకర్యంగా ఉంటుంది, అందులో దోషం లేదు. పై చేతి వేళ్ళ మొదటి కణుపులు కింది చేతి నడిమి కణుపులతో కలిసేంతగా తిప్పితే మాత్రం మణికట్లు బిగుసుకొని బ్యాటు ఆలస్యంగా కదులుతుంది. పట్టు సరిగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి బ్యాటును బంతి తగిలే స్థానానికి మెల్లగా తెచ్చి ఆపి చూడాలి. అప్పుడు పై చేతి అరచేయి ఆకాశంవైపు, కింది చేతి అరచేయి నేలవైపు ఉండాలి.

ఎంత గట్టిగా పట్టుకోవాలి అనేదానిపై ఆటగాళ్ళలో చాలాకాలంగా ఒక అపోహ ఉన్నది. బంతి తగిలే క్షణంలో బిగించి పట్టుకుంటే దెబ్బ బలంగా ఉంటుందని వారు భావిస్తారు. ఇలినాయ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త ఆలన్ నేథన్ బేస్‌బాల్ బ్యాటుకు, బంతికి మధ్య జరిగే అభిఘాతాన్ని వివరంగా పరిశీలించి 2000లో ప్రచురించిన పరిశోధనలో ఇది సరికాదని తేలింది. బంతి, బ్యాటు ఒకదానితో ఒకటి తాకి ఉండే కాలం సెకనులో వెయ్యవ వంతు ప్రాంతం. దెబ్బ పుట్టించిన కంపనం బ్యాటు పొడవునా చేతులదాకా వెళ్ళి తిరిగి వచ్చేలోగా బంతి బ్యాటును వదిలిపోతుంది. కాబట్టి ఆ క్షణంలో పట్టు బిగువు బంతి వేగాన్ని మార్చలేదు. పట్టు చేయవలసిన పని అంతా తాకిడికి ముందే, బ్యాటును వేగంగా సరైన చోటికి తేవడంలోనే ముగుస్తుంది. ముందునుండే బిగించి పట్టుకున్నవారి ముంజేతి కండరాలు గట్టిపడి మణికట్టు స్వేచ్ఛగా కదలదు, ఆ మేరకు వేగం తగ్గుతుంది. వదులుగా పట్టుకుంటే బ్యాటు చివర కొరడా కొసవలె కదులుతుంది. అయితే చేతినుండి జారిన బ్యాటు ఇతరులకు ప్రమాదం కాబట్టి, అది జారనంత పట్టు తప్పనిసరి. చెమట పట్టే చేతులకు పిడి చుట్టూ పట్టీ, చేతితొడుగు ఉపయోగపడతాయి.

దూరంగా కొట్టేవారిలో కొందరు కింది చేతి చిటికెన వేలిని, ఒక్కొక్కసారి రెండు వేళ్ళను గుబ్బకు కిందుగా జారవిడుస్తారు. దీనివలన బ్యాటు కాస్త పొడవైనట్లవుతుంది, మణికట్టు వదులవుతుంది. ఇది బాగా కుదిరినవారికి లాభమే. కాని గుబ్బ అరచేతి మడమలో, చిటికెన వేలివైపు, పదేపదే ఒత్తుకుంటుంది. అక్కడ హామేట్ అనే చిన్న ఎముకకు కొక్కెం వంటి భాగం ఉంటుంది. బ్యాటు, గోల్ఫ్ కర్ర, టెన్నిస్ రాకెట్టు పట్టేవారిలో ఈ కొక్కెం విరగడం వైద్యులకు తెలిసిన విషయమే. సాధారణ ఎక్స్‌రేలో ఈ విరుగుడు కనబడకపోవచ్చు. ఆ చోట నొప్పి తగ్గకుండా ఉంటే ఆట ఆపి వైద్యునికి చూపించుకోవడం మంచిది. నేర్చుకునే దశలో ఉన్నవారు ఈ పట్టు జోలికి పోనవసరం లేదు.

ఊపు

ఊపు చేతులతో కాక నేలనుండి మొదలవుతుంది. పాదాలు భుజాలకన్నా కొద్దిగా వెడల్పుగా, మోకాళ్ళు కాస్త వంచి నిలబడాలి. బంతి పైకి లేస్తుండగా బరువును వెనుక కాలిమీదికి, చేతులను వెనుక భుజం దగ్గరికి తీసుకోవాలి. బంతి శిఖరాన్ని దాటి దిగడం మొదలైన తరువాత ముందు పాదాన్ని మెల్లగా, పొట్టి అడుగుగా వేయాలి. అడుగు పడినా బరువు ఇంకా వెనుకనే ఉండాలి. చాలామందికి అన్నిటికన్నా కష్టమైనది ఈ ఒక్క సంగతి. దీనికోసం కొందరు బంతి దిగడం మొదలయ్యేదాకా ముందు కాలు కదపకూడదని తమకు తామే నియమం పెట్టుకుంటారు.

తరువాత వెనుక మడమ లేచి తుంటి పిచ్చరువైపు తిరుగుతుంది, దానివెంట నడుము, ఛాతీ, భుజాలు, చివరగా చేతులు వస్తాయి. ఒక్కొక్క భాగం తన వేగాన్ని తరువాతి భాగానికి అందిస్తుంది. అందుకే భుజాలు తుంటికన్నా ముందు తిరిగితే నడుము బలం వృథా అవుతుంది. ముందు కాలు గట్టిగా నిలవాలి. అది వంగిపోతే శరీరం తిరగడానికి బదులు ముందుకు జారిపోతుంది. చేతులు శరీరానికి దగ్గరగా రావాలి. దూరంగా గుండ్రంగా తిప్పితే బ్యాటు తిరిగే మార్గం పొడవవుతుంది. తల కదలకుండా, చూపు బంతిమీదనే ఉండాలి.

29 డిగ్రీల కోణంలో దిగే బంతిని సమతలంగా ఊపిన బ్యాటు ఒకే ఒక బిందువు దగ్గర కలుస్తుంది. సమయం రవ్వంత తప్పినా బంతి బ్యాటు పైభాగానికో అడుగుకో తగులుతుంది. బ్యాటు కొద్దిగా పైకి లేస్తూ వస్తే రెండింటి మార్గాలు ఎక్కువ దూరం కలిసి ఉంటాయి, చిన్న పొరపాట్లు మన్నింపబడతాయి. అలాగని బంతి దిగే కోణమంత నిటారుగా ఎత్తితే బంతి ఆకాశానికి లేచి బయటి ఫీల్డరు చేతిలో పడుతుంది. వెనుక భుజాన్ని బాగా దించి ఎత్తికొట్టేవారికి తరచు ఇదే జరుగుతుంది. కట్టెలు కొట్టినట్లు పైనుండి కిందికి కొట్టడం కూడా పనికిరాదు, పైగా నియమాల ప్రకారం అటువంటి దెబ్బకు బ్యాటరు అవుటవుతాడు.

శరీరానికి దగ్గరగా వచ్చిన బంతిని ప్లేటుకు ముందుగా, దూరంగా వచ్చినదానిని కొంచెం లోపలికి రానిచ్చి తాకాలి. రెండవ రకం బంతిని కుడిచేతి ఆటగాడు కుడివైపుకు పంపడం సులభం. బలం తక్కువగా ఉన్నవారు ఫీల్డర్ల మధ్య ఖాళీలను వెతికి ఇలా కొట్టడం ద్వారా జట్టుకు ఎక్కువ మేలు చేయగలరు. రెండు స్ట్రైకులైన తరువాత ఫౌల్ కొట్టినా యు.ఎస్.ఎ. నియమాలలో అవుటే కాబట్టి అప్పుడు ఊపును కొద్దిగా కుదించుకోవడం వివేకం.

సాధన

బంతిని నడుము ఎత్తున ఒక స్టాండుపై నిలిపి వలలోకి కొట్టడం ప్రాథమిక సాధన. ఇందులో పట్టును, తుంటి కదలికను సరిచేసుకోవచ్చు. కాని నిలిచి ఉన్న బంతి ఆగడాన్ని నేర్పదు. అందుకు కమానుగా వేసే సహచరుడు కావాలి. మొదటి కొన్ని బంతులను కొట్టకుండా, అడుగు మాత్రమే వేసి చూస్తూ వదిలివేయడం ఉపయోగకరం. పక్కనుండి తీసిన వీడియోలో బంతి శిఖరం మీద ఉన్నప్పుడు బరువు ఎక్కడున్నదో స్పష్టంగా తెలుస్తుంది. ఖరీదైన బ్యాటు కొనే ముందు ఈ పరీక్ష చేసుకోవడం మేలు.

పిచ్చరు భద్రత

ఊపు మెరుగుపడిన కొద్దీ ఎదురుగా నిలబడిన పిచ్చరుకు ప్రమాదం పెరుగుతుంది. 2004 నాటి అమెచ్యూర్ సాఫ్ట్‌బాల్ అసోసియేషన్ ప్రమాణం బ్యాటు పరీక్షలో కొట్టిన బంతి వేగాన్ని గంటకు 98 మైళ్ళకు, అనగా సుమారు 158 కి.మీ.కు పరిమితం చేసింది. ఆ వేగంతో బంతి 50 అడుగులు దాటడానికి దాదాపు 0.35 సెకను పడుతుంది. బంతి వేసి వంగి ఉన్న పిచ్చరుకు అది చాలీచాలని వ్యవధి. అనేక మంది పిచ్చర్లు ముఖానికి రక్షణ ధరిస్తారు, కొన్నిచోట్ల వారి ముందు వల తెర ఉంచుతారు. కాంపోజిట్ బ్యాట్ల లోపలి గోడను చెక్కి పలుచన చేస్తే బంతి ఇంకా వేగంగా పోతుంది. ఇలా మార్చిన బ్యాట్లు నిషిద్ధం. సాధన సమయంలోనైనా పిచ్చరు తెర వెనుకకు చేరిన తరువాతనే బ్యాటు ఊపాలి.