తీసెయ్యని వైరు

లండన్ చుట్టుపక్కల పనిచేసే మనవాళ్ళలో చాలామందికి క్లాపం జంక్షన్ తెలిసే ఉంటుంది. 1988 డిసెంబరు 12, సోమవారం ఉదయం ఎనిమిది దాటాక, ఆ స్టేషన్ దగ్గర్లోనే జరిగిన ప్రమాదం గురించి మాత్రం తెలియకపోవచ్చు.

బేసింగ్‌స్టోక్ నుంచి వాటర్లూ వెళ్తున్న రైలు డ్రైవరు, తను దాటబోతున్న సిగ్నల్ ఉన్నట్టుండి ఆకుపచ్చ నుంచి ఎరుపుకి మారడం చూశాడు. ఆపడానికి దూరం చాలదు. నిబంధన ప్రకారం తరువాతి సిగ్నల్ దగ్గర ఆపి, ఫోన్లో చెప్పడానికి కిందికి దిగాడు. ఇంతలో పూల్ నుంచి వస్తున్న రైలు వెనకనుంచి గుద్దేసింది. అటువైపు వెళ్తున్న ఖాళీ రైలొకటి ఆ శిథిలాలను ఢీకొంది. 35 మంది చనిపోయారు.

ముందు రైలు ఆగి ఉంటే వెనక సిగ్నల్ ఎరుపు చూపాలి కదా? పట్టాల మీద రైలుంటే రిలేకి కరెంటు ఆగిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. కరెంటు పోయినా, తీగ తెగినా ఎరుపే రావాలి. డిజైన్లో తప్పు లేదు.

తప్పు కొత్త సిగ్నలింగ్ పనిలో జరిగింది. తీసెయ్యాల్సిన పాత వైరుకి ఒక కొస మాత్రమే ఊడదీశారు. దాన్ని కత్తిరించి పక్కకి కట్టెయ్యలేదు. రెండో కొస ఫ్యూజు దగ్గర అలాగే ఉంది. ముందురోజు ఆదివారం పక్కనే ఇంకో పని చేస్తుంటే, ఆ ఊడిన కొస కదిలి పాత చోటే తగులుకుంది. రావాల్సిన ఎరుపు రాలేదు.

మన భాషలో చెప్పాలంటే డెడ్ కోడ్ తీసెయ్యలేదు, రివ్యూ జరగలేదు, టెస్టింగ్ సరిగా జరగలేదు.

ఆంథొనీ హిడెన్ విచారణ నివేదిక 1989లో వచ్చింది. ఆ టెక్నీషియన్ పదమూడు వారాల్లో ఒక్కరోజే సెలవు తీసుకున్నాడు. ఏళ్ళ తరబడి అలాగే పనిచేస్తున్నా ఎవరూ సరిదిద్దలేదు. వేరొకరు వైర్లు లెక్కపెట్టి చూడాల్సింది, అదీ జరగలేదు. తరువాత టెస్టింగ్ నియమాలు, పనిగంటల పరిమితులు కట్టుదిట్టం చేశారు.

2017 ఆగస్టులో, సిగ్నలింగ్ మార్పుల మధ్య, వాటర్లూలో మరో రైలు దారితప్పి, ఆగి ఉన్న రైలుని తాకింది. అదృష్టం, ప్రాణనష్టం లేదు. కారణం? డిజైన్లో లేని తాత్కాలిక వైరింగ్! క్లాపం పాఠాలు మరుగున పడుతున్నాయని దర్యాప్తు సంస్థ హెచ్చరించింది.

శుక్రవారం రాత్రి రిలీజ్ ముందు "ఇది తరువాత తీసేద్దాంలే" అనుకున్నప్పుడు, ఆ వైరు ఒక్కసారి గుర్తొస్తే చాలు.