రోడ్డు పక్క గోడ పొగను ఆపుతుందా?

పిల్లలూ! తెనాలి దగ్గరి నందివెలుగు మీలో కొందరు చూసే వుంటారు. గుంటూరు నుంచి వచ్చే రోడ్డు, దుగ్గిరాల నుంచి వచ్చే రోడ్డు అక్కడ కలుస్తాయి. బస్సులు, లారీలు, పసుపు బస్తాల ట్రాక్టర్లు పోయినప్పుడల్లా పొగ, దుమ్ము లేస్తాయి. అటువంటి రోడ్డు పక్కనే ఒక బడి వుందనుకోండి. గోడ కడితే మేలా? చెట్లు నాటితే మేలా?

ముందు పొగ సంగతి చూద్దాం. అందులో నైట్రోజన్ డయాక్సైడ్ వంటి వాయువులు, సన్నని మసి రేణువులు వుంటాయి. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. మన తలవెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు. 2.5 మైక్రాన్ల కన్నా చిన్న రేణువులు ముక్కులో చిక్కుకోవు. ఊపిరితిత్తుల లోతుల్లోకి పోతాయి. మీ ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతున్నాయి కనుక హాని మీకే ఎక్కువ. గాలి బాగుచేయవలసిన నగరాలని 2019లో కేంద్ర ప్రభుత్వం వేసిన జాబితాలో గుంటూరు, విజయవాడ కూడా వున్నాయి.

మరి గోడ ఏం చేస్తుంది? పంటకాలువలో ఒక రాయి అడ్డం వేయండి. నీరు ఆగదు. రాయి మీదుగా ఎక్కి, వెనక సుడులు తిరుగుతుంది. గాలీ అంతే. ఎత్తయిన గోడకు తగిలి పైకి లేస్తుంది, పైనున్న మంచి గాలితో కలుస్తుంది. పొగ పలచబడుతుంది. అందుచేత గోడ వెనక కొంత దూరం వరకు గాలి మెరుగు. కాని పొగ మాయం కాలేదు సుమా! గోడకు ఇవతల, రోడ్డు మీద, అది ఎక్కువ కావచ్చు. గోడ చివర నుంచీ, మధ్య సందుల నుంచీ లోపలికి దూరుతుంది కూడా.

చెట్ల మాటేమిటి? ఆకులు కొంత దుమ్మును పట్టుకుంటాయి. వాన వచ్చి దాన్ని కడిగేస్తుంది. అయితే ఒక్క వరుస వేపచెట్లు నీడనిస్తాయేగాని తెర కావు. మొదళ్ళ మధ్య నుంచి పొగ హాయిగా వచ్చేస్తుంది! చెట్ల తెర కనీసం 5 మీటర్ల ఎత్తు, 10 మీటర్ల మందం వుండాలనీ, నేల నుంచి కొన వరకు సందు వుండరాదనీ అమెరికా పర్యావరణ సంస్థ 2016లో సూచించింది. అంటే కానుగ వంటి గుబురు చెట్లు, వాటి కింద పొదలు కావాలన్నమాట. ఇరువైపులా మేడలున్న ఇరుకు బజారులో మాత్రం జాగ్రత్త! అక్కడ కొమ్మలు పైన కలుసుకుంటే, కుండకు మూత పెట్టినట్టు పొగ కిందనే నిలుస్తుంది.

అన్నిటికన్నా మంచి మందు దూరం. రోడ్డుకు 150, 200 మీటర్లు పోయేసరికి పొగ చాలావరకు తగ్గిపోతుంది. ఆటస్థలం బడి వెనకవైపు వుండాలనేది ఇందుకే.

మీరే ఒక పరీక్ష చేయండి. వాన పడని వారంలో రోడ్డు పక్క చెట్టు ఆకు ఒకటి, అదే జాతి చెట్టు ఆకు బడి వెనక నుంచి ఒకటి కోసి, తడి తెల్లగుడ్డతో తుడవండి. రెండు మరకలనూ పోల్చండి. గుడ్డకు అంటింది ఎక్కువగా ముతక దుమ్మే. కంటికి కనబడని సన్నరేణువుల మాట మరచిపోకండి!